మేరీ టి: పదహారేళ్లకి ఈదిన టైమ్, మళ్లా అందని టైమ్

పెన్నాగట్టు, నెల్లూరు
శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమేగానీ రాయడం నాకిదే మొదలు.

మా పాపకి 15 నిండినాయి. ఎనిమిదో ఏట నుంచి ఈదతా ఉండాది. బటర్‌ఫ్లై అంటే ప్రాణం, రెండు చేతులూ ఒకేసారి ముందుకు విసిరే ఈత, అందులోనూ 200 మీటర్లు. పదమూడేళ్లప్పుడు రాష్ట్ర పోటీల్లో 2 నిమిషాల 43 సెకన్లలో ఈదింది. ఆ రోజు గట్టు మీద నేనూ వాళ్లమ్మా ఏడ్చేసినాం. అదే ఆఖరు. ఈ రెండేళ్లలో 43 మళ్లా రాలేదు. 46 వచ్చింది, 47 వచ్చింది, పోయిన నెల 48. పిల్ల తప్పేం లేదు. పొద్దున నాలుగున్నరకి లేస్తుంది, ఒక్క రోజు ఎగ్గొట్టదు.

పోయిన వారం ఒక పెద్దమనిషి, పేరెందుకులే, పాప ముందరే అనేసినాడు: "ఈ పిల్ల పీక్ అయిపోయింది, ఇంక చదువు చూసుకోమనండి" అని. ఇంటికొచ్చి టోపీ, గాగుల్స్ సంచిలో వేసి అటక మీద పెట్టేసింది. మూడు రోజులైంది, పూల్ వైపు పోలేదు. అన్నం దగ్గర కూడా మాట్లాడడం లేదు.

నాకు ఈత అంటే మోటబావి ఈతే. నడుముకి ఎండు సొరకాయ బుర్రలు కట్టి మా నాయన తోసేసినాడు, అట్టా వచ్చింది. సెకన్ల ఈత గురించి నాకేం తెలియదు. అందుకే అడగతా ఉండా. చిన్నతనంలో గొప్పగా ఈది, ఆ టైమ్ మళ్లా రాకపోయినా ఈతలో నిలబడినోళ్లు ఎవరన్నా ఉండారా? ఉంటేనే చెప్పండి. ఓదార్పుకి కట్టుకథలు వద్దు, మా పాప పట్టేస్తుంది.


ఒంగోలుగిత్త, ఒంగోలు
శుక్రవారం, రాత్రి 9:40

అన్నా, ఎందుకు లేరు, అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ లేడా! 200 బటర్‌ఫ్లైలో ఆయన అత్యుత్తమ టైమ్ 1:51.51. 2009లో రోమ్‌లో ఈదింది. ఆ తర్వాత జన్మలో ఆ టైమ్ రాలేదు. 2012 లండన్లో గోడ ముట్టుకునే దగ్గర తేలిపోయి చాడ్ లె క్లో చేతిలో 0.05 సెకను తేడాతో ఓడిపోయాడు. రిటైరయ్యాడు, మళ్లీ వచ్చాడు. 2016 రియోలో 31 ఏళ్ల వయసులో 1:53.36కి అదే 200లో బంగారం. అంటే ఏడేళ్ల కిందటి తన టైమ్ కంటే దాదాపు రెండు సెకన్లు నెమ్మదిగా ఈది కూడా గెలిచాడు. మొత్తం 28 ఒలింపిక్ పతకాలు, అందులో 23 బంగారం. పాపకి ఇది చెప్పండి.


స్టాప్‌వాచ్, నెల్లూరు
శుక్రవారం, రాత్రి 9:58

గిత్తా, 2009 లెక్క వేరు. అప్పుడు పాలియురేథేన్ సూట్లు వేసుకుని ఈదారు, ఒంటిని నీళ్ల మీద తేల్చే సూట్లు. 2010 నుంచి నిషేధించారు. ఆ ఏడాది టైమ్‌లు అందరివీ అట్టాగే ఉన్నాయి. పైగా పెన్నాగట్టు అడిగింది చిన్న వయసులో శిఖరం చూసినవాళ్ల గురించి. ఫెల్ప్స్‌కి 2009లో 24 ఏళ్లు.


కందుకూరు పంతులు, కందుకూరు
శుక్రవారం, రాత్రి 11:25

పెన్నాగట్టు గారూ, ఓదార్పు వద్దన్నారు, మంచి మాట. అంకెలే చెబుతాను. లెక్కల మాస్టారుగా రిటైరైనవాణ్ణి. 1984 నుంచి ఒలింపిక్ ఈత టైమ్‌లు నోటుపుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. ఆ పుస్తకంలో అందరికంటే ఎక్కువసార్లు నేను తిరగేసిన పేజీ ఒకావిడది. మేరీ టి. మహర్. అందరూ మేరీ టి అనే అంటారు. అమెరికాలో కెంటకీ రాష్ట్రం, లూయీవిల్ నగరం. పదకొండు మంది పిల్లలున్న ఇల్లు. అక్క పేరులోనూ మేరీ ఉండడంతో ఈమెకి పక్కన టి చేరింది.

1964 అక్టోబరులో పుట్టింది. 1979 జులైలో శాన్ హువాన్‌లో జరిగిన పాన్ అమెరికన్ క్రీడల్లో 200 బటర్‌ఫ్లై 2:09.77కి ఈదితే అది ప్రపంచ రికార్డు. అప్పటికి పద్నాలుగేళ్ల పిల్ల, మన దగ్గర తొమ్మిదో తరగతి. మరుసటి ఏడు ఏప్రిల్లో 100 మీటర్ల రికార్డు కూడా తీసుకుంది, 59.26.

అదే 1980లో మాస్కో ఒలింపిక్స్. అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం వెళ్లిందని అమెరికా ఆ ఒలింపిక్స్‌ని బహిష్కరించింది. మనకి మాస్కో అంటే హాకీ బంగారం, స్పెయిన్ మీద 4-3. నేను రేడియో దగ్గర కూర్చుని విన్నాను, ఊరంతా పండగే. ఆ పిల్లకి మాత్రం మాస్కో అంటే ఇంట్లో కూర్చోవడం. మాస్కోలో 200 బటర్‌ఫ్లై గెలిచింది తూర్పు జర్మనీకి చెందిన ఇనెస్ గైస్లర్, 2:10.44. ఆ పోటీలయిన కొద్ది రోజులకే, జులై 30న, అమెరికాలో మేరీ టి 2:06.37కి ఈదింది. నాలుగు సెకన్ల తేడా! 200 మీటర్లలో నాలుగు సెకన్లంటే రెండోవాళ్లు ఇంకా ఐదారు మీటర్ల వెనక ఉంటారు. 100 మీటర్లలో మాస్కో బంగారం 1:00.42. ఈమె అప్పటికే 59.26 ఈదేసింది. రెండు బంగారాలు ఎవరి తప్పూ కాకుండా, ముఖ్యంగా ఆ పిల్ల తప్పు ఏమాత్రం కాకుండా, పోయాయి.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. 1981 ఆగస్టు, విస్కాన్సిన్‌లో బ్రౌన్ డీర్ అనే చిన్న ఊళ్లో అమెరికా జాతీయ పోటీలు. 13వ తేదీన 200 మీటర్లు 2:05.96. 16వ తేదీన 100 మీటర్లు 57.93. అంతకు ముందు రికార్డు తనదే, 59.26. దాని మీద ఒకేసారి 1.33 సెకన్లు కోసేసింది. పదహారు నిండి పదిహేడో ఏడు నడుస్తోంది.

ఆ రెండు టైమ్‌లూ ఆమె జీవితంలో మళ్లీ రాలేదు. ఇంకో ఏడేళ్లు ఈదింది. మూడు ఒలింపిక్ బంగారాలు గెలిచింది. ప్రపంచ ఛాంపియన్ అయింది. కానీ ఆ ఆగస్టులో ఈదిన రెండు టైమ్‌ల దగ్గరకి ఆమే మళ్లీ పోలేకపోయింది.

నిద్ర వస్తోంది. మిగతాది రేపు రాస్తాను.


చీమకుర్తి గెలాక్సీ, చీమకుర్తి
శనివారం, పొద్దున 6:50

మాస్టారూ, లూయీవిల్ పేరు చూడగానే ఒకటి గుర్తుకొచ్చింది. ఆ ఊళ్లో ఆవిడ ఈదిన లేక్‌సైడ్ క్లబ్ ఒకప్పుడు రాతి క్వారీ అంట కదా. రాయి తీసేసిన గుంతలో నీళ్లు నింపి, అంచులు కట్టి, ఈతకొలనుగా మార్చుకున్నారు. మాది చీమకుర్తి. నల్ల గెలాక్సీ గ్రానైట్ మా ఊరు దాటి ప్రపంచమంతా పోయింది. మిగిలింది గుంతలే. వానాకాలం నిండితే అద్దంలాగా ఉంటాయి. అవి చూస్తే నాకెప్పుడూ భయమే, నిలువునా కోసిన గోడలు, దిగితే పట్టుకోను అంచుండదు. పిల్లల్ని దగ్గరికి పోనివ్వం. అట్టాంటి ఒక గుంతని బాగు చేసుకుని, కాపలా పెట్టుకుని, పిల్లలకి ఈత నేర్పుకున్న ఊరు కూడా ఉందని తెలిస్తే మనసు ఎట్టానో అయింది.

మిగతాది రాయండి మాస్టారూ.


కందుకూరు పంతులు, కందుకూరు
శనివారం, పొద్దున 8:30

రాస్తున్నాను.

1982లో ఈక్వడార్‌లోని గుయాకిల్‌లో ప్రపంచ పోటీలు. 100లో బంగారం వచ్చింది. 200లో మాత్రం ఓడిపోయింది, అదీ ఇనెస్ గైస్లర్ చేతిలోనే. ప్రపంచ రికార్డు చేతిలో ఉండగా, తనకి బాగా పట్టున్న పందెంలో రెండో స్థానం. ఇక్కడ ఆపేసి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

1984 లాస్ ఏంజెలెస్. 100 మీటర్ల ఫైనల్లో 59.26కి బంగారం. అంకె గమనించండి, నాలుగేళ్ల కిందట రికార్డుగా ఈదిన అదే 59.26. 200లో 2:06.90, రెండో స్థానం ఆస్ట్రేలియా అమ్మాయి కారెన్ ఫిలిప్స్‌కి, 2:10.56. రిలేలో ఇంకో బంగారం. మూడూ కలిపి 1980 అప్పు తీరిందనుకున్నాను అప్పట్లో. ఇప్పుడు అలా అనుకోను. 1980ది 1980లోనే పోయింది, దాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

1986లో మాడ్రిడ్ ప్రపంచ పోటీల్లో 200 బటర్‌ఫ్లై బంగారం. 1988 సియోల్‌లో 200లో 2:10.80, కాంస్యం.

ఈ చివరి అంకె దగ్గర నేను ఎన్నోసార్లు ఆగిపోయాను. 1979లో, పద్నాలుగేళ్లప్పుడు, ఆమె ఈదింది 2:09.77. సియోల్‌లో ఇరవై మూడేళ్లప్పుడు 2:10.80. తొమ్మిదేళ్ల సాధన తర్వాత, పద్నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పటి కంటే నెమ్మదిగా ఈదింది. అయినా ఒలింపిక్ పతకం మెడలో పడింది. మీ పాపకి ఈ ఒక్క లైను చూపించండి చాలు.


స్టాప్‌వాచ్, నెల్లూరు
శనివారం, పొద్దున 9:15

మాస్టారి మీద గౌరవంతోనే ఒక మాట. 1984కి తూర్పు జర్మనీ, సోవియట్ వాళ్లు రాలేదు. ఈసారి బహిష్కరణ వాళ్లది. అసలు ప్రత్యర్థులు లేని పోటీలో వచ్చిన బంగారాన్ని అంత గొప్పగా చెప్పొచ్చా? పాపకి చెప్పేటప్పుడు అది కూడా చెప్పాలి కదా. వాళ్ల నాన్నగారే అన్నారు, పిల్ల పట్టేస్తుందని.


కందుకూరు పంతులు, కందుకూరు
శనివారం, పొద్దున 10:05

చెప్పాల్సిందే, దాచకూడదు. అయితే పక్కనే ఇంకో లెక్క కూడా పెట్టాలి. 1984లో రాని ఆ తూర్పు జర్మన్లు 1981 నుంచి వాళ్ల దేశం లేకుండా పోయేదాకా ఒక్కరంటే ఒక్కరు ఆమె రెండు రికార్డుల్లో దేన్నీ ముట్టుకోలేదు. తర్వాత బయటపడిన కాగితాలు చూస్తే, అక్కడ ఆడపిల్లలకి ప్రభుత్వమే మగ హార్మోను మాత్రలు మింగించింది. 100 బటర్‌ఫ్లైని నిమిషం లోపు ఈదిన మొదటి మహిళ క్రిస్టియానె క్నాకె, 1977లో. మాస్కోలో కాంస్యం గెలిచిందీ ఆమే. తనకి మందులు ఇచ్చారని తర్వాత ఆమే ఒప్పుకుంది. ఆ పిల్లల్ని నేను నిందించను, వాళ్లకి అడిగే హక్కు కూడా ఇవ్వలేదు. కానీ ఒక దేశం అన్ని మందులు పోసినా 57.93 అందలేదంటే ఆ ఈత ఏ స్థాయిదో చూడండి.

ఎంతకాలం నిలిచిందో కూడా రాస్తాను. 100 రికార్డుని 1999 ఆగస్టులో జెన్నీ థాంప్సన్ 57.88తో దాటింది. పద్దెనిమిదేళ్లు. 200 రికార్డుని 2000 మేలో ఆస్ట్రేలియాకి చెందిన సూసీ ఓనీల్ 2:05.81తో. పద్దెనిమిదేళ్ల తొమ్మిది నెలలు.


ఒంగోలుగిత్త, ఒంగోలు
శనివారం, పొద్దున 11:20

మాస్టారూ, మీ అంకెలు పట్టుకుని పొద్దున్నుంచీ కూర్చున్నా, పని మానేసి. పాత ఫలితాలన్నీ తీసి పక్కపక్కన పెట్టా.

100లో ఒలింపిక్ బంగారం గెలిచిన టైమ్‌లు: 1984లో ఈమెదే 59.26. 1988 క్రిస్టిన్ ఒట్టో 59.00. 1992 చైనా అమ్మాయి చియాన్ హాంగ్ 58.62. 1996 ఏమీ వాన్ డైకెన్ 59.13. ఈమె 57.93 నాలుగింటినీ గెలిచేది. 2000 సిడ్నీలో ఇంగె డి బ్రుయిన్ 56.61తో రికార్డు ఈదింది సరే, వెండి మొరావ్‌చోవాకి, 57.97. అంటే పందొమ్మిదేళ్ల తర్వాత కూడా ఆ 57.93కి వెండి!

200 కూడా అంతే. 88లో 2:09.51, 92లో 2:08.67, 96లో 2:07.76, అన్నీ 2:05.96 కంటే వెనకే. సిడ్నీలో మిస్టీ హైమన్ 2:05.88తో గెలిచింది, సూసీ ఓనీల్ 2:06.58తో రెండోది. అక్కడా ఈమెకి వెండే. బంగారానికి 0.08 సెకను తక్కువ, అంతే.

ఫెల్ప్స్ గురించి రాసింది నేనే, ఆ మాట వెనక్కి తీసుకోను, ఆయన ఆయనే. కానీ ఇంత మనిషి పేరు ఇన్నాళ్లూ వినలేదే అని బాధగా ఉంది.


కావలి సముద్రం, కావలి
శనివారం, మధ్యాహ్నం 2:10

నేను ఈ థ్రెడ్ పొద్దున్నుంచి మూడుసార్లు చదివా. పెన్నాగట్టు అన్నా, మీ పాప అటక మీద పెట్టిన సంచి నా కళ్ల ముందే ఉంది.

నేనూ ఈదేదాన్ని, తొంభైల్లో. తుమ్మలపెంట సముద్రం దగ్గర మా మేనమామ నేర్పించాడు. తర్వాత ఒక పూల్‌లో చేరా. ఊరి పేరు వద్దు. ఆడపిల్లలకి వేరే టైమ్ అంటూ ఉండేది కాదు. గట్టు మీద పనిలేని మగపిల్లలు నిలబడేవాళ్లు. స్విమ్ సూట్ మీద మోకాళ్ల దాకా ప్యాంటు వేసుకుని ఈదేదాన్ని, నీళ్లు పీల్చి అది రాయిలాగా బరువయ్యేది. పదహారేళ్లకి నా టైమ్ కూడా ఆగిపోయింది. అప్పుడు ఇంట్లోవాళ్లు అన్నారు, ఇంక చాలు, పెద్దదానివయ్యావు అని. నాకు ఎవరన్నా వచ్చి, "టైమ్ ఆగిపోవడం అందరికీ ఉండేదే, ప్రపంచ రికార్డు ఈదిన పిల్లకి కూడా ఆగిపోయింది" అని చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. ఒక్కరు చెప్పలేదు. నేనూ వాళ్లు అన్నది నిజమే అనుకున్నా. నలభై దాటాక మా అబ్బాయిని దించడానికి పూల్‌కి పోయి, వాడితో పాటు నీళ్లలోకి దిగి, గోడ పట్టుకుని ఏడ్చా.

అన్నా, మీరు నాలుగున్నరకి పాపతో పాటు లేస్తా ఉండారే, అది మీకు చిన్న పనిలాగా ఉంటుంది. నాకు మా ఇంట్లో అట్టాంటి మనిషి లేరు.


ఈతగట్టు, ఒంగోలు
శనివారం, సాయంత్రం 5:45

ఆలస్యంగా చూశాను, క్షమించండి. పన్నెండేళ్లుగా పిల్లలకి ఈత నేర్పుతున్నాను. కథ పంతులు గారు చెప్పారు, నేను పని గురించి అడుగుతాను. పెన్నాగట్టు గారూ, వీటికి జవాబులు కావాలి.

పాప రోజూ ఈదే పూల్ ఎన్ని మీటర్లు? 25 మీటర్లదైతే 200కి ఏడు టర్నులు వస్తాయి. 50 మీటర్ల దాంట్లో మూడే. టర్ను దగ్గర గోడని తన్ని నీళ్ల కింద డాల్ఫిన్ కిక్కుతో, అంటే రెండు కాళ్లూ కలిపి కొడుతూ పోయే ఆ కొద్ది సేపూ చేతులకి తెరిపి. 25లో సాధన చేసి 50లో పోటీకి దిగితే ముప్పై మీటర్ల దగ్గరే చేతులు గోడ కోసం వెతుక్కుంటాయి.

రెండేళ్లలో ఎంత పొడవు పెరిగింది? బటర్‌ఫ్లైలో చేతులు ఒకసారి తిరిగితే కిక్కులు రెండు. చేతులు నీళ్లలో పడేటప్పుడు ఒకటి, నీళ్లలోంచి లేచేటప్పుడు ఇంకొకటి. చెయ్యి పొడవైతే, తుంటి మారితే, ఈ రెండో కిక్కు పడాల్సిన క్షణం మారిపోతుంది. అది తప్పితే నడుము దిగిపోతుంది, నడుము దిగితే తల లేపడానికి భుజాలు పనిచేయాలి, ఇంకో యాభై మీటర్లకి భుజాలు చచ్చిపోతాయి. పీక్ అయిపోవడం అంటే ఇదేమీ కాదు. కొత్త ఒంటికి పాత లయ సరిపడక పోవడం. మళ్లీ నేర్చుకోవాలి, టైమ్ పడుతుంది.

రక్తపరీక్ష ఎప్పుడు చేయించారు? ఆ వయసు ఆడపిల్లల్లో రక్తం తక్కువగా ఉండడం నేను చాలాసార్లు చూశాను. పిల్ల బద్ధకిస్తోందని అందరూ తిడతారు, చూస్తే హిమోగ్లోబిన్ తొమ్మిది ఉంటుంది. డాక్టరుకి చూపించండి, సొంతంగా మాత్రలు వేయవద్దు.

అన్నిటికంటే ముఖ్యం, 100 దగ్గర టైమ్ ఎంత? 43 వచ్చిన రోజుదీ, 48 వచ్చిన రోజుదీ.


పెన్నాగట్టు, నెల్లూరు
శనివారం, రాత్రి 8:20

పూల్ 25 మీటర్లదే. పోటీలు 50లో. తొమ్మిది సెంటీమీటర్లు పెరిగింది, తలుపు మీద గీతలు ఉండాయి, ఇప్పుడే కొలిచినా. రక్తపరీక్ష సోమవారం చేయిస్తాం. 100 టైమ్ నాకు తెలియదు, పాపనే అడగాల. మాస్టారు రాసిందంతా ప్రింటు తీసి పాప పుస్తకంలో పెట్టినా. ఏమీ అనలేదు. అట్టని పారేయలేదు.

కావలి అక్కా, మీ మాట మా ఆవిడకి చదివి వినిపించినా. ఏం రాయాలో తెలియడం లేదు.


కావలి సముద్రం, కావలి
శనివారం, రాత్రి 8:31

ఏమీ రాయొద్దు అన్నా. నాలుగున్నరకి లేవండి.


చీమకుర్తి గెలాక్సీ, చీమకుర్తి
శనివారం, రాత్రి 9:00

మనవాళ్ల గురించి కూడా ఒక మాట పాపకి చెప్పండన్నా. కేరళ కుర్రాడు సాజన్ ప్రకాశ్, ఆయనదీ 200 బటర్‌ఫ్లైయే. మెడ నరం గాయంతో చెయ్యి ఎత్తలేని స్థితికి పోయి, మళ్లీ లేచి, 2021 జూన్‌లో రోమ్‌లో 1:56.38 ఈదాడు. నేరుగా ఒలింపిక్స్‌కి అర్హత ఇచ్చే టైమ్ 1:56.48. దాన్ని దాటిన మొదటి భారతీయుడు ఆయనే. సెకనులో పదో వంతు తేడాతో.


పెన్నాగట్టు, నెల్లూరు
ఆదివారం, మధ్యాహ్నం 12:40

నేను పెన్నాగట్టు వాళ్ల పాపని. నాన్న ఫోన్ ఇచ్చినాడు.

మాస్టారు తాతయ్యా, మీరు రాసిన అంకెలన్నీ నా పుస్తకంలో ఎక్కించుకున్నా. 2:10.80లోంచి 2:09.77 తీసేస్తే 1.03 వచ్చింది. నాది 48లోంచి 43 తీసేస్తే 5. నాది ఎక్కువ కాబట్టి నేను ఆవిడతో పోల్చుకోకూడదు అని మొదట అనిపించింది. తర్వాత ఈతగట్టు అంకుల్ అడిగిన 100 టైమ్‌లు తీసినా, నా డైరీలో ఉండాయి.

13 ఏళ్లప్పుడు: మొదటి 100 1:16, రెండో 100 1:27.
పోయిన నెల: మొదటి 100 1:13, రెండో 100 1:35.

అంటే మొదటి 100 ఇప్పుడే వేగంగా ఈదినా. నాకు తెలుసు ఎందుకో. స్టార్టింగ్ బ్లాక్ ఎక్కినప్పటి నుంచి నా తలలో 43, 43 అని మోగతా ఉంటుంది. అందుకని దూకగానే పరిగెత్తేస్తా. 120 దగ్గర చేతులు లేవవు. 13 ఏళ్లప్పుడు నాకు టైమ్ సంగతి తెలియదు, ఊరికే ఈదినా.

ఎవ్వరికీ చెప్పలేదు ఇది. నాన్నకి కూడా ఇప్పుడే చెప్తుండా.


ఈతగట్టు, ఒంగోలు
ఆదివారం, మధ్యాహ్నం 1:05

తల్లీ, ఎంత చక్కగా రాశావు. నేను గట్టు మీద నిలబడి చూసినా నీ డైరీ చెప్పినంత నాకు కనబడేది కాదు. మొదటి 100 మూడు సెకన్లు తగ్గించావంటే నీ ఒంట్లో వేగం పెరిగింది, తగ్గలేదు. ఆ మూడు సెకన్లకి రెండో 100లో ఎనిమిది సెకన్లు వడ్డీ కట్టావు. ఈ పందెంలో అప్పు చేస్తే వడ్డీ అట్టాగే ఉంటుంది.

చేయాల్సింది చెబుతాను. రెండు నెలలు 200 టైమ్ తీయొద్దు. ఒక్కో పొడవుకి నీ చేతులు ఎన్నిసార్లు తిరిగాయో లెక్కపెట్టు. మొదటి 50కి ఎన్ని వచ్చాయో, నాలుగో 50కి దానికంటే మూడు నాలుగు మించకుండా ఈదగలిగే నిదానం ఏదో వెతుక్కో. ఆ నిదానమే నీ పందెం.

చెన్నైలో 50 మీటర్ల పూల్‌లో నాకు తెలిసిన కోచ్ ఉన్నారు. నెలకి రెండు ఆదివారాలు ఒక లేన్ ఇస్తారేమో మాట్లాడతాను.


స్టాప్‌వాచ్, నెల్లూరు
ఆదివారం, మధ్యాహ్నం 1:30

పాపా, 2008 బీజింగ్‌లో ఫెల్ప్స్ 200 బటర్‌ఫ్లై ఈదేటప్పుడు గాగుల్స్ నిండా నీళ్లు నిండిపోయాయి. గోడ కనబడలేదు. చేతులు ఎన్నిసార్లు తిప్పాలో లెక్క ముందే ఒంట్లో ఉంది కాబట్టి, ఆ లెక్క పెట్టుకుంటూ పోయి గోడ ముట్టుకున్నాడు. 1:52.03, ప్రపంచ రికార్డు. ఈతగట్టు గారు చెప్పిన లెక్క అదే.

నిన్న 1984 గురించి నేను రాసింది నిజమే, కానీ ముందు నీ గురించి అడిగి ఉండాల్సింది.


కందుకూరు పంతులు, కందుకూరు
ఆదివారం, మధ్యాహ్నం 3:15

మనవరాలా, నీ తీసివేత సరిగ్గా ఉంది. నీ డైరీ నా నోటుపుస్తకం కంటే గొప్పది, అందులో ఈదినమనిషి చేతిరాత ఉంది. ఒక పేజీ వదిలిపెడుతున్నాను, నీ పేరుతో. అంకెలు నువ్వు పంపినప్పుడు రాసుకుంటాను. ఎంత వచ్చినా పంపు.


పెన్నాగట్టు, నెల్లూరు
గురువారం, రాత్రి 9:30

రక్తపరీక్ష వచ్చింది. హిమోగ్లోబిన్ 9.6. డాక్టరమ్మ మందులు రాసిచ్చింది, మూడు నెలలు వాడమంది. ఈతగట్టు మాస్టారూ, మీ కాళ్లకి దండం.

చెన్నై లేన్ ఖాయమైంది. ఈ ఆదివారం తెల్లవారుజాము రైలుకి పోతుండాం. సంచి అటక మీద నుంచి పాపే దించుకుంది. గాగుల్స్ రబ్బరు ఎండిపోయి ఉంటే ట్రంకురోడ్డులో కొత్తవి తీసుకున్నాం. స్టాప్‌వాచ్ ఇంట్లోనే పెట్టి రమ్మని నాకు చెప్పింది.


కావలి సముద్రం, కావలి
గురువారం, రాత్రి 9:44

అన్నా, మా వాడూ వస్తానంటున్నాడు, నేనూ వస్తా. కావలిలో ఎక్కుతాం. ఏ పెట్టెలో కూర్చోవాలో చెప్పండి. పాపకి ఏమిష్టం, పులిహోర చేసుకు రానా?


పెన్నాగట్టు, నెల్లూరు
గురువారం, రాత్రి 9:51

వెనక నుంచి మూడో పెట్టె అక్కా, మేం నెల్లూరులో అందులోనే ఎక్కుతాం. పులిహోర అంటే నవ్వతా ఉండాది. ఈదేదాకా తినదంట, ఈదినాక మొత్తం తనకేనంట.